గూట్లో ఉండిపోయిన ఉత్తరం

కాలేజీ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆదివారం పూట మా ఇంటికి వస్తుంటారు. సర్వీసు రూల్సులో ఏదో సందేహం అడిగి, వెళ్ళేముందు మర్యాదకు, మీ రోజుల్లో ఎలా ఉండేదండీ అంటారు. వాళ్ళకు కావలసింది రెండు నిమిషాల జవాబు. నా దగ్గర ఉన్నది ఒక పొరపాటు. అది రెండు నిమిషాల్లో తెమిలేది కాదు గనక రాస్తున్నాను.

నేను బందరులో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మాది చల్లపల్లికి దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊరి బడి మా తాత ఇచ్చిన స్థలంలో ఉంది. ఆయన బతికుండగా సగం ఆస్తి, మా నాన్న చేతిలో మిగతా సగం పోయాయి. ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం. నా వాటాకు వచ్చినవి ఒక టేకు పెట్టె, దాని నిండా ఎందుకూ పనికిరాని దస్తావేజులు. వాటితోపాటు ఎవరి బల్ల ముందూ నిలబడకూడదన్న పట్టుదల కూడా వచ్చింది. గుమాస్తా ఉద్యోగంలో ఆ పట్టుదల నిలుపుకోవడం కష్టం. నేను నిలుపుకున్నాననే అనుకుంటూ ఉండేవాణ్ణి.

తొంభైల చివర్లో మా కాలేజీ కొత్త కోర్సు ఒకటి పెట్టింది. చేపలు, రొయ్యల పెంపకం ఒక సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ. అప్పటికి మా చుట్టుపక్కల వరిచేలు సగం చెరువులైపోయాయి. ఈ చదువుకు గిరాకీ ఉంటుందని యాజమాన్యం అనుకుంది. మొదటి ఏడు పదకొండు మంది చేరారు.

ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి హంసలదీవి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. ఆ పల్లెలో ఇంటరు దాటిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. బందరులోని సంక్షేమ హాస్టల్లో సీటు దొరికింది గనక చదువు. హాస్టలు నియమం ఏమిటంటే, ఏడాది పరీక్షలు రాసి పై తరగతికి వెళ్ళిన వాళ్ళకే మంచం ఉంటుంది. ఒక్క ఏడు తప్పితే అది ఇంకొకరికి వెళ్తుంది. బందరులో గది తీసుకుని చదివించే శక్తి ఆ తండ్రికి లేదు.

చేర్చడానికి వచ్చిన రోజున అతను నా బల్ల ముందు తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కూతురు. ఈ కోర్సు కొత్తది కదా, దీనికి సర్టిఫికెట్టు ఇచ్చేదెవరని అడిగాడు. మంచి ప్రశ్న. డిగ్రీ చదివినవాళ్ళు కూడా అడగరు. నాకు ఉత్సాహం వచ్చి మొత్తం నిర్మాణం చెప్పాను. కోర్సు పెట్టుకోమని అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. సిలబసు రాసేది, పరీక్ష పెట్టేది, డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం. మా కాలేజీకి డిగ్రీ ఇచ్చే అధికారం లేదు, పాఠం చెప్పడం వరకే. మేం చెప్పే పాఠాన్ని విశ్వవిద్యాలయం తనదిగా ఒప్పుకోవాలంటే అనుబంధ గుర్తింపు కావాలి. అఫిలియేషన్ అంటారు. అది ఏటా కోర్సుకోర్సుకూ తెచ్చుకోవాలి. వీళ్ళందరి పైన ఢిల్లీలో ఒక సంఘం ఉంటుంది, ఏ విశ్వవిద్యాలయం అసలైనదో, ఏ కాలేజీ జాబితాలో ఉండాలో అది చూస్తుంది. హాస్టలు వీటిలో దేనికీ చెందదు, అది వేరే శాఖ.

అతను అంతా విన్నాడు. "అలివి వల తెలుసాండి? దాన్ని కూడా పదిమంది ఒడ్డుకి లాగుతారు. కానీ అందరూ ఒక్కసారి లాగడానికి కేకేసేవాడు ఒకడుంటాడండి. ఇంతమంది పట్టుకున్నారు గదా, ఇక్కడ కేకేసేదెవరు బాబుగారూ?" అన్నాడు.

"నేనే," అన్నాను. "నువ్వు నిశ్చింతగా వెళ్ళు. మీ అమ్మాయి పరీక్ష రాస్తుంది. నా మాట."

అతన్ని నువ్వు అన్నాను. నాకంటే వయసులో పెద్దవాడు. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. మా తాత మాట ఇస్తే రిజిస్ట్రీ అయినట్టేనని చిన్నప్పుడు విని పెరిగినవాణ్ణి. నా మాటకూ అంత బరువుందని నమ్మాను.

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. ఆఫీసంతా పెద్దాయన అనేవాళ్ళం. మెత్తటి మనిషి. నేను సూపరింటెండెంటు కాకముందు ఎన్నో ఏళ్ళుగా ప్రతి గురువారం తెల్లవారుజామున మొదటి బస్సుకు బయల్దేరి, బెజవాడ మీదుగా కృష్ణ అవతల ఉన్న విశ్వవిద్యాలయానికి వెళ్ళి, దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చేవాడు. వెళ్ళేటప్పుడు చేతిసంచిలో మా బందరు లడ్డూల పెట్టె ఒకటి ఉండేది. అక్కడి సెక్షన్ వాళ్ళకు. ఆ ఏడే నేను సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్నాక మొదట ఆపిన పని ఆ గురువారం ప్రయాణం. మా తాత ఇంటికొచ్చిన వాళ్ళకు పెట్టాడు గాని, పని కావాలని ఎవరింటికీ పట్టుకెళ్ళలేదు. మనం రూలు ప్రకారం దరఖాస్తు పెడుతున్నాం, ఎవర్నీ అడుక్కోవడం లేదు, ఇకనుంచి అన్నీ రిజిస్టర్డు పోస్టులో వెళ్తాయి, రసీదు ఫైల్లో ఉంటుంది అని చెప్పాను.

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. "సార్, గురువారం నేను వెళ్ళేది లడ్డూ ఇవ్వడానికి కాదండి..." అన్నాడు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన చేతిసంచి మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యనిచ్చి ఉంటే ఇప్పుడు నేను ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, తర్వాత అవసరపడుతుంది. అంతకు రెండేళ్ళ ముందు గుడివాడలోని ఒక కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. అప్పట్లో కమిటీ రాకముందే ఒక కాలేజీ మైక్రోస్కోపులు ఇంకో కాలేజీకి వెళ్ళేవి. కమిటీ వాటిని లెక్కపెట్టుకుని వెళ్ళాక మళ్ళీ సొంతింటికి చేరేవి. ఒకే మైక్రోస్కోపు ఏడాదిలో నాలుగు కాలేజీల్లో కనిపించడం అందరికీ తెలిసిన విషయమే. గుడివాడ కాలేజీ సూపరింటెండెంటు ఒకావిడ. మా దగ్గర పది మైక్రోస్కోపులు ఒక్కరోజుకు ఇవ్వగలరా అని మనిషిని పంపింది. ల్యాబు సామాను తాళాలు అప్పటికే నా చేతిలో ఉండేవి, నేను ఇవ్వలేదు. అంతటితో ఊరుకోకుండా, ఇది విశ్వవిద్యాలయాన్ని మోసగించడమేనని వాళ్ళ ప్రిన్సిపాలు పేర ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను. ఆ ఏడు వాళ్ళకు అదనపు సెక్షన్ రాలేదని తెలిసింది. మైక్రోస్కోపుల విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ఒకటిన్నర పేజీ విషయంలో మాత్రం మారింది.

కొత్త కోర్సుకు దరఖాస్తు వెళ్ళింది. ప్రభుత్వ అనుమతి ముందే వచ్చింది. దసరా లోపల విశ్వవిద్యాలయం నుంచి కమిటీ వచ్చి, మా సొంత మైక్రోస్కోపులు చూసి, సంతృప్తిగా వెళ్ళింది. ఉత్తర్వు రావడమే మిగిలింది. రాలేదు. నెలకో రిమైండరు రిజిస్టర్డు పోస్టులో పంపాను. ప్రతిదానికీ సంతకం చేసిన రసీదు తిరిగొచ్చింది. వాటిని వరసగా ఫైల్లో కుట్టించాను. ఆలస్యం వాళ్ళది, ఆధారం నా దగ్గరుంది అన్న ధీమా. పరీక్ష రాసేవాళ్ళ జాబితా కూడా అలాగే పోస్టులో వెళ్ళింది. ఒకటి రెండుసార్లు ఆ అమ్మాయి ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి, సార్ మాకు వచ్చిందాండీ అని అడిగింది. వస్తుందమ్మా, నేను చెప్పాను కదా అన్నాను.

పరీక్షలకు నెల్లాళ్ళు ఉందనగా ఒక సోమవారం పరీక్షల విభాగం జీపులో హాల్‌టిక్కెట్ల కట్ట వచ్చింది. పెద్దాయన విప్పి తరగతుల వారీగా పేర్చాడు. కొత్త కోర్సు కట్ట లేదు. రెండోసారి మొదట్నుంచి చూశాడు. మూడోసారి చూడలేదు. నా వైపు చూశాడు.

మర్నాడు నేనూ ఆయనా మొదటి బస్సెక్కాం. ఉయ్యూరు దాటాక ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు, "టిఫిన్ చేస్తారా సార్?" వద్దన్నాను. ఆయనా చెయ్యలేదు.

విశ్వవిద్యాలయంలో నేను నేరుగా సెక్షన్ ఆఫీసరు గదికి వెళ్ళబోయాను. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. వరండా చివర ఒక హాల్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడ పొడుగునా పావురాల గూళ్ళలాంటి చెక్క అరలు. ప్రతి అర మీద తెల్లరంగుతో ఒక అంకె, కాలేజీకి ఒకటి. పెద్దాయన అంకె చూడకుండానే చెయ్యి పెట్టి ఒక కట్ట బయటికి తీశాడు. ఏడు కవర్లు. అడుగున ఉన్నదాని మీద దుమ్ము పేరుకుంది.

దాన్లో రెండు వాక్యాలే ఉన్నాయి. కొత్త కోర్సు లెక్చరరు అర్హత పత్రాల నకళ్ళు ధ్రువీకరించి పంపవలెను. నెలలోగా రానిచో ప్రతిపాదన ముగిసినట్లుగా భావించబడును. కార్తీకమాసంలో వేసిన తేదీ. ఆ నకళ్ళు నా బీరువాలో రెండో అరలో ఉన్నాయి. అడిగితే అర నిమిషంలో తీసివ్వగలను. పై కవర్లలో ఒకదాన్లో మా జాబితా తిప్పి పంపారు, ఈ కోర్సుకు గుర్తింపు లేదంటూ. వాళ్ళు పంపడమంటే గూట్లో పెట్టడమే. ఇవి చూసి రావడానికే పెద్దాయన గురువారాలు వచ్చేవాడు. మిగతా కాలేజీల వాళ్ళూ అందుకే వచ్చేవాళ్ళు. లడ్డూలు వచ్చినవాళ్ళ మర్యాద, అంతే.

సెక్షన్ ఆఫీసరు కుర్రవాడే, మర్యాదస్థుడు. నా ఫైలు తెరిచి చూపించాడు. "మీ రిజిస్టర్డు కవర్లు అన్నీ ఉన్నాయండీ. అన్నిటికీ సంతకం చేసే తీసుకున్నాం. జవాబు గూట్లో పెట్టాం. ఎప్పట్నుంచో ఇదే పద్ధతి. మీ పెద్దాయన వచ్చేవారుగా ప్రతి గురువారం, ఎందుకు మానేశారో మాకు తెలీదు," అన్నాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేనే మాన్పించానని ఆయన చెప్పలేదు. ఆ గదిలో నాకు కుర్చీ చూపించారు గాని నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను, ఏదైనా దారి ఉందా అని. నా జీవితంలో ఒక బల్ల ముందు అలా నిలబడి అడగడం అదే మొదలు.

ఒక్క దారి ఉంది. ఈ ఏడాదికి కోర్సు మూసినట్టే. అయితే ఇదే కోర్సుకు గుర్తింపు ఉన్న మరో కాలేజీ ఈ పిల్లల్ని తమ విద్యార్థులుగా చేర్చుకుంటే, ఆ కాలేజీ పేరు మీద పరీక్ష రాయవచ్చు. చేర్చుకుంటున్నట్టు ఆ కాలేజీ ఉత్తరం, ప్రతి విద్యార్థీ, తండ్రీ సంతకాలు చేసిన దరఖాస్తులు శనివారం సాయంత్రం లోపల అందాలి. జిల్లాలో ఆ కోర్సు ఉన్న కాలేజీ ఒక్కటే అన్నాడు. అది గుడివాడలో ఉంది. పేరు చెప్పగానే పెద్దాయన దగ్గాడు.

బుధవారం పొద్దున్న గుడివాడ వెళ్ళాను. ఒంటరిగానే వెళ్ళాను. సూపరింటెండెంటుగారు అద్దాలు సర్దుకుని చూసింది. కుర్చీ చూపించి, టీ తెప్పించి, "మీరు వస్తారనుకోలేదండీ. ఉత్తరం వస్తుందనుకున్నాను," అంది.

నేను విషయం చెప్పాను. గూటి సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నవ్వితే తేలిగ్గా ఉండేది. మీ ఉత్తరం మా ఫైల్లో భద్రంగా ఉందండీ, భాష చాలా బాగుంది, మా కొత్త పిల్లలకు నమూనాగా చూపిస్తుంటాను అంది. తర్వాత లోపలికి వెళ్ళి ప్రిన్సిపాలుతో మాట్లాడి వచ్చింది.

"చేర్చుకుంటాం. కానీ కాగితం మీద చేర్చుకోవడం కుదరదు. ప్రాక్టికల్స్ పదిరోజులు మా ల్యాబులో నిజంగా చెయ్యాలి, హాజరు నిజంగా పడాలి. ఇంకోటి. అప్పట్లో మాకు ఆరు మైక్రోస్కోపులుండేవి. మీరు ఇవ్వలేదు గనక కమిటీ ఆరే చూసింది. తర్వాత నాలుగు కొన్నాం, ఒకరకంగా మీ ఉత్తరం పుణ్యమే. మా పిల్లలకే అవి చాలవు. మీ పిల్లలకు మీ మైక్రోస్కోపులు మీరే తెచ్చుకోవాలి."

తెస్తానన్నాను. లేచి నమస్కారం పెట్టాను. ఆవిడా లేచి పెట్టింది.

బందరు వచ్చేసరికి పదిమంది పిల్లల్ని పెద్దాయన ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి దరఖాస్తులు నింపిస్తున్నాడు. పదకొండో మనిషి లేదు. హాల్‌టిక్కెట్టు రాలేదని తెలిసిన సోమవారం సాయంత్రమే హాస్టలు వార్డెన్ ఆ అమ్మాయికి చెప్పేసింది, పరీక్ష లేకపోతే మంచం ఖాళీ చెయ్యాలని. మంగళవారం నేను కృష్ణ అవతల ఉన్న సమయంలో తండ్రి వచ్చి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, కూతుర్ని తీసుకెళ్ళిపోయాడు. ఎవరితోనూ గొడవ పడలేదట. నా కోసం అడిగాడట. ఊళ్ళో లేనని చెప్పారట.

ఆ సాయంత్రం ప్రిన్సిపాలుగారు వార్డెన్‌కు ఇమ్మని ఒక ఉత్తరం టైపు చేయించి ఇచ్చారు. పరిపాలనాపరమైన కారణాల వల్ల హాల్‌టిక్కెట్లు ఆలస్యమైనవి, విద్యార్థిని హాస్టలు వసతి కొనసాగించవలసిందిగా కోరడమైనది. అదీ, అమ్మాయి దరఖాస్తూ జేబులో పెట్టుకుని గురువారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సది. మా ఊరి మలుపు వచ్చినప్పుడు ఎప్పుడూ కిటికీలోంచి బడి వైపు చూసేవాణ్ణి. ఆరోజు చూడలేదు. అవనిగడ్డలో మారి కోడూరు, అక్కణ్ణుంచి ఆటో, ఆటో ఆగిపోయిన చోటు నుంచి ఇసుకలో నడక.

ఇంటి ముందు అతను వల బాగుచేసుకుంటున్నాడు. ఒక ముసలావిడ, అతని తల్లి, చేపలు తిరగేసి ఎండబెడుతోంది. అమ్మాయి పక్కనే ఉంది. గుమ్మం పక్కన ట్రంకు పెట్టె ఉంది. తాళం వేసే ఉంది. ఇంటికి వచ్చి రెండు రోజులైనా విప్పలేదు. అతను నన్ను చూసి లేచాడు. తువ్వాలు మాత్రం భుజం మీదే ఉంది.

మంచం వాల్చారు. కూర్చుని అంతా చెప్పాను. గుడివాడ కాలేజీ, రోజూ పొద్దున్న రైలు, పదిరోజుల ప్రాక్టికల్స్, ఆ కాలేజీ పేరుతో పరీక్ష. అతను వల మీద నుంచి చూపు ఎత్తకుండా విన్నాడు.

"కేకేసేది నేనేనన్నారు గదండీ," అన్నాడు చివరికి. గొంతు పెంచలేదు. "అలివి లాగేటప్పుడు కేకేసేవాడు ఒడ్డున కుర్చీ ఏసుకుని కూర్చోడండి. మొలలోతు నీళ్ళలో ఉంటాడు."

మంచం మీంచి లేచాను. "తప్పు నాదేనండీ. మీరు అమ్మాయిని పంపండి. ఈసారి నా మాట..."

"ఈసారి మాటొద్దు బాబుగారూ. కాయితం ఇవ్వండి."

జేబులో ఉన్న ఉత్తరం తీసి ఇచ్చాను. అతను దాన్ని కూతురికిచ్చాడు. ఆమె చేతులు పావడాకు తుడుచుకుని అందుకుని, నిలబడి చదివింది. రెండోసారి చదివింది.

"సార్, పరిపాలనాపరమైన కారణాలంటే ఎవరు సార్?"

ముసలావిడ చేపలు తిరగేస్తూనే, "ఎవరో గొప్పోడే అయ్యుంటాడులే. బీదోళ్ళకి అంత పొడుగు పేర్లు ఎందుకుంటాయి," అంది.

అమ్మాయి నవ్వలేదు. "తప్పు కాలేజీదని రాసుంటేనే మంచం ఉంచుతానన్నారు సార్ వార్డెన్ మేడం. లేకపోతే తప్పు మాదే అని రాసుకుంటారంట. పోయినేడు ఒకక్కకి ఇట్టాంటి ఉత్తరమే ఇచ్చారు. ఉంచలేదు," అంది.

అప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. నేను ఎవరి నోటిమాటా నమ్మేవాణ్ణి కాను. విశ్వవిద్యాలయానికి పంపిన చీటీముక్కకు కూడా రసీదు అడిగేవాణ్ణి. ఈ మనిషికి మాత్రం నోటిమాట ఇచ్చి పంపేశాను, దానితో సరిపెట్టుకోవాలన్నట్టు. తిరిగి కాగితం తెచ్చినప్పుడు కూడా మనిషన్నవాడు లేని కాగితం తెచ్చాను.

కాగితమూ కలమూ అడిగాను. అమ్మాయి ట్రంకు తాళం తీసింది. పైనే ఉన్న ప్రాక్టికల్ రికార్డులోంచి తెల్లకాగితాలు రెండు చింపి ఇచ్చింది. పెట్టె మూత మీదే పెట్టుకుని రాశాను. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని సకాలంలో తీసుకోకపోవడం, వారం వారం వెళ్ళి చూసే ఏర్పాటును రద్దు చేయడం నా నిర్ణయాలు. ఇందులో విద్యార్థిని తప్పుగాని, మరే ఉద్యోగి తప్పుగాని లేదు. ఈ ఆలస్యానికి పూర్తిగా నేనే బాధ్యుణ్ణి. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, హోదా రాసి, సంతకం పెట్టాను. అలాంటిదే రెండోది రాశాను. ఒకటి వార్డెన్‌కు. రెండోది అతని చేతిలో పెట్టాను.

అతనికి చదవడం రాదు. కూతురు చదివి వినిపించింది. ఇంటిపేరు దగ్గర ఆగి నా వైపు చూసింది, సరిగ్గా పలికానా అన్నట్టు. సరిగ్గానే పలికింది. అతను ఆ కాగితాన్ని మడిచి, పడవ కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మాయ్, ఆటో పోద్ది. బయల్దేరు," అన్నాడు. దరఖాస్తు మీద వేలిముద్ర వేశాడు. పెట్టె నేను పట్టుకోబోతే ఊరుకోలేదు.

శనివారం మధ్యాహ్నం పదకొండు దరఖాస్తులూ, గుడివాడ ఉత్తరమూ చేత్తో పట్టుకుని వెళ్ళి ఇచ్చి, నిలబడి, ముద్ర వేయించుకుని వచ్చాను. వస్తూ వస్తూ గూడు చూసుకున్నాను. ఖాళీగా ఉంది.

ఆ పదిరోజులూ సెలవు పెట్టి పిల్లలతో పాటు బందరు నుంచి గుడివాడ రైల్లో వెళ్ళాను. ఆరు మైక్రోస్కోపుల చెక్కపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒకటి నేను, అయిదు పిల్లలు. పెడనలో ఎక్కే జనం, మాస్టారూ గడియారాలు బాగుచేస్తారా అని అడిగేవాళ్ళు. మొదటి రెండు రోజులు జవాబివ్వలేదు. తర్వాత అవునండీ అనడం మొదలుపెట్టాను. అమ్మాయి రైల్లో కూడా రికార్డు రాసుకునేది. రొయ్యపిల్ల మొప్పల బొమ్మ గీస్తుంటే గుడ్లవల్లేరు దగ్గర రైలు కుదిపేది, చెరిపి మళ్ళీ గీసేది. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది. అందులో తప్పు పట్టడానికేం లేదు.

పరీక్షలు పదకొండు మందీ రాశారు. తొమ్మిదిమంది పాసయ్యారు. వాళ్ళలో ఆమె ఒకతె, హాస్టలు మంచం నిలిచింది. మార్కుల జాబితా మీద మాత్రం గుడివాడ కాలేజీ పేరు ఉంది, మా పేరు లేదు. మరుసటి ఏడు మాకు గుర్తింపు వచ్చింది, పిల్లలు తిరిగొచ్చారు.

వార్డెన్‌కు ఇచ్చిన కాగితం అక్కడ ఆగలేదు. సంక్షేమ శాఖ వాళ్ళు నకలు మా యాజమాన్యానికి పంపారు. సంజాయిషీ అడిగారు. రాసింది నిజమేనన్నాను. సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో అభిశంసన రాశారు. అప్పీలు చేసుకోవచ్చు, నాలుగు ముక్కలు మెత్తగా రాస్తే తీసేస్తారని ప్రిన్సిపాలుగారే చెప్పారు. చేసుకోలేదు. రిటైరైనప్పుడు పెన్షన్ కాగితాలు చూసే ఆయన ఆ పేజీ దగ్గర ఆగి, అన్నేళ్ళ సర్వీసులో ఇదొక్కటేనా అని ఆశ్చర్యపోయాడు. పట్టుబడింది ఇదొక్కటేనండీ అన్నాను.

గురువారాలు మళ్ళీ మొదలుపెట్టాను. పెద్దాయన రిటైరయ్యేదాకా ఆయన వెళ్ళాడు, తర్వాత నేనే వెళ్ళాను. లడ్డూలు మాత్రం పట్టుకెళ్ళలేదు. అంత మారలేదు.

మీకిప్పుడు గూళ్ళు లేవు. ఉత్తరం తెర మీదికే వస్తుంది. కానీ ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, ఢిల్లీ సంఘం, హాస్టలు ఇప్పటికీ వేరువేరు చోట్లే ఉన్నాయి. ఒకచోటి సంగతి ఇంకోచోటికి ఇప్పటికీ దానంతటది వెళ్ళదు. ఒక మనిషి తీసుకెళ్ళాలి. ఆ మనిషి మీరే. అది చిన్నతనం కాదు.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తయి సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చిన రోజున తండ్రి కూడా వచ్చాడు. లేచి కుర్చీ వేశాను. కూర్చున్నాడు. సంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగింది, ఉప్పుగాలికి రంగు మారింది.

"పనైపోయింది గదండీ. మీ కాయితం మీరు తీసుకోండి," అన్నాడు.

మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. మాకెందుకండీ, అమ్మాయికి డిగ్రీ కాయితం వచ్చింది గదా అన్నాడు.

ఇంటికి తెచ్చి టేకు పెట్టెలో, మా తాత దస్తావేజుల పైన పెట్టాను. ఆ పెట్టెలో నేను రాసింది అదొక్కటే.